మా పెరటి వాటాలో టిబెట్

పోయిన చలికాలం పిల్లల్ని తీసుకుని జీరంగ్ వెళ్ళాం. ఒడిశా గజపతి జిల్లాలో చంద్రగిరి పక్కన ఉంటుంది, పద్మసంభవ మహావిహార అని పెద్ద బౌద్ధ మఠం, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. ఇప్పుడు బాగా పేరొచ్చింది, సెలవు రోజైతే బరంపురం నుంచీ, ఇటు శ్రీకాకుళం విశాఖల నుంచీ కార్లు బారులు తీరి ఉంటాయి. పిల్లలు ఫొటోల హడావుడిలో ఉన్నారు. నేను గేటు దాటిన దగ్గరే నిలబడిపోయాను. సున్నం కొట్టిన చిన్న పొయ్యిలో ఎవరో పెద్దావిడ ఎండాకు వేసి పొగ పెడుతోంది. సాంబ్రాణి కాదు, అగరొత్తి కాదు, చలి కొండల మీద పెరిగే జునిపర్ ఆకు. అది ఎక్కడి చెట్టయినా ఆ వాసన మాత్రం నాకు పర్లాకిమిడిలో మా పెరటి వాటా వాసన. పొద్దున్నే అమ్మ నీళ్ళపొయ్యి రాజేసే వేళకి అటువైపు నుంచి ఆ పొగ వచ్చేది.

ఆ వాటాలో ఉన్న అమ్మాయి గురించి రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను.

ముందు మా ఊరి గురించి చెప్పాలి, ఎందుకంటే చాలామంది తెలుగువాళ్ళకి అది ఎక్కడుందో తెలీదు. పాతపట్నం దాటితే పర్లాకిమిడే. మహేంద్రతనయ నది, రాజావారి కోట, కొమ్ముతో దువ్వెనలూ కొంగబొమ్మలూ చేసే ఇళ్ళు, 1900లో రాజావారు నౌపడా నుంచి మా ఊరి దాకా వేయించిన చిన్న రైలు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని సవర పిల్లల కోసం పుస్తకాలు రాసింది మా ఊళ్ళోనే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మా ఊరు అందులో కలిశాక పంతులుగారు రాజమండ్రి వెళ్ళిపోయారు. మా తాతలు వెళ్ళలేదు. అందుకని మేం ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, సంతలో రెండూ మాట్లాడుతూ పెరిగాం. అటు వెళ్తే తెలుగువాళ్ళం, ఇటు వస్తే ఒరిస్సావాళ్ళం.

మా నాన్న రైసుమిల్లులో గుమాస్తా. ఇంటి వెనక రెండు గదుల వాటా ఎప్పుడూ కాలేజీ పిల్లలకే అద్దెకిచ్చేవారు. నేను ప్లస్ టూలో చేరిన ఏడాది చంద్రగిరి నుంచి అన్నాచెల్లెళ్ళు ఇద్దరు వచ్చారు. అన్న బీయే, చెల్లెలు నా క్లాసే. పేరు రాయొద్దంది, అందుకని రాయడం లేదు. చిన్న కళ్ళు, ఎండకి కందిపోయే బుగ్గలు, భుజాన ఉన్ని సంచి. వచ్చిన మొదటి రోజు అమ్మ గుమ్మంలోకి వెళ్ళి, "ఏ ఊరమ్మా మీది, నేపాలా?" అంది. తను ఒడియాలో, "కాదు మౌసీ, మాది టిబెట్" అంది. అమ్మకి ఆ పేరు తెలీదు. నాకు తెలుసు కానీ అది ఇంకా ఒక దేశమా, చైనాలో ఊరా, భూగోళం పుస్తకంలో పీఠభూమా అన్నది తెలీదు.

రిక్షావాళ్ళు నేపాలీ పాప అనేవాళ్ళు. కాలేజీలో మగపిల్లలు చైనా అనేవాళ్ళు. రెండోదానికి తనకి చాలా కోపం వచ్చేది, కానీ గట్టిగా అరవడం నేనెప్పుడూ చూడలేదు. ఆగి, వాళ్ళవైపు తిరిగి, "మాది టిబెట్, మా ఊరు లాసా దగ్గర" అని ఒక్కో మాటా విడదీసి చెప్పి నడిచేది. తను పుట్టింది చంద్రగిరిలో. లాసా తనెప్పుడూ చూళ్ళేదు.

*

మా ఇంగ్లీషు లెక్చరర్‌ గారికి ఒక మంచి అలవాటుండేది. శనివారం ఆఖరి పీరియడ్‌లో ఒకరిని లేపి, మీ ఊరి గురించి చెప్పు అనేవారు. ఇంగ్లీషు రాకపోతే ఒడియాలో, అదీ కష్టమైతే తెలుగులో. కాశీనగరం అబ్బాయి వంశధార వరద గురించి చెప్పాడు. గుమ్మ వైపు నుంచి వచ్చిన సవర అబ్బాయి వాళ్ళ గోడల మీద వేసే బొమ్మల గురించి చెప్పాడు, గొంతు వణుకుతూనే చాలా బాగా చెప్పాడు. ఆ తర్వాత వారం తన వంతు.

తను బోర్డు దగ్గరికి వెళ్ళి సుద్దముక్కతో ముందు మన మహేంద్రగిరి గీసింది. పక్కన 1,501 మీటర్లు అని రాసింది. మాకు తెలిసిన ఎత్తంటే అదే, శివరాత్రికి ఎక్కి దిగేసరికి కాళ్ళు పీకేసే కొండ. దాని శిఖరం మీద నుంచి చేతిని ఇంకా పైకి తీసుకెళ్ళి, ఇంకా పైకి, బోర్డు చివరి దాకా వెళ్ళి అక్కడ ఒక చిన్న ఇల్లు గీసింది. "మా లాసాలో ఇళ్ళు ఇక్కడుంటాయి. 3,650 మీటర్లు. ఇది కొండ కాదు, ఊరు. ఇక్కడే బార్లీ పండుతుంది, ఇక్కడే పిల్లలు ఆడుకుంటారు" అంది. క్లాసు మొత్తం నోరు మూసుకుంది.

తర్వాత చెప్పినవన్నీ వరసగా గుర్తులేవు. బ్రహ్మపుత్ర అసోంలోకి రాకముందు వాళ్ళ దేశంలోనే చాలా దూరం తూర్పుకి పారుతుందనీ, అక్కడ దాని పేరు యార్లుంగ్ సాంగ్పో అనీ చెప్పింది. కొండ మీద పోతాలా అనే మహాభవనం ఉందనీ, దలైలామాలు చలికాలం అందులో ఉండేవారనీ చెప్పింది. వాళ్ళ అక్షరాలు ఏడో శతాబ్దంలో మన దేశపు లిపుల్ని చూసి చేసుకున్నవని తన పేరు బోర్డు మీద రాసి చూపించింది, అక్షరాలన్నీ పైగీత నుంచి కిందికి వేలాడుతున్నాయి. మధ్యలో వెనక బెంచీ నుంచి ఎవడో నాలుక బయటపెట్టి వెక్కిరించాడు. తను చూసింది. కోప్పడలేదు. "మా దేశంలో పాతకాలం వాళ్ళు నాలుక చూపించే నమస్కారం చేసేవారు. తొమ్మిదో శతాబ్దంలో లాంగ్‌దర్మ అని ఒక క్రూరమైన రాజు ఉండేవాడు, వాడి నాలుక నలుపంట. నేను వాడి మనిషిని కాను, వాడు మళ్ళీ పుట్టిన రూపాన్నీ కాను అని చెప్పడానికి నాలుక చూపించేవారని మా మోలా చెప్పింది" అంది. మోలా అంటే వాళ్ళ నాయనమ్మ. ఆ అబ్బాయి తలవంచుకున్నాడు. సోమవారం నుంచి వాడు తనని చైనా అనడం మానేశాడు, తర్వాత ఇంకెవరూ అనలేదు.

తను చెప్పినవన్నీ మోలా చెప్పిన సంగతులే. ఆవిడ కళ్ళతో చూసిన దేశాన్ని ఈవిడ నోటితో మాకు చెప్పేది, ఒక్క వీధి పేరు తప్పకుండా. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే, "ఆగు, అది మోలాని అడిగి చెప్తాను" అని నోటు పుస్తకం వెనక పేజీలో రాసుకునేది. చంద్రగిరి వెళ్ళి వచ్చాక ఆ ప్రశ్న అడిగిన మనిషి మర్చిపోయినా సరే, వెతుక్కుంటూ వెళ్ళి జవాబు చెప్పేది.

*

మా అమ్మకి మాత్రం ఇవేవీ పట్టలేదు, ఒక్క సంగతి తప్ప. కార్తీక సోమవారం సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెడుతుంటే తను అటుగా వచ్చి, "మౌసీ, ఇవాళ ఎవరి పూజ?" అంది. శివుడిదే తల్లీ అంది అమ్మ. "శివుడి కైలాసం మా దేశంలోనే ఉంది" అంది తను మామూలుగా.

అమ్మ చేతిలో ఒత్తి అలాగే ఉండిపోయింది. "ఏటీ? కైలాసం ఈ బూమ్మీదే ఉందేటే?"

ఉందని చెప్పింది. 6,638 మీటర్ల ఎత్తనీ, పక్కనే మానస సరోవరమనీ, దాని మీదికి ఎవరూ ఎక్కరనీ, చుట్టూ ప్రదక్షిణ చేస్తారనీ, ఆ దారి యాభై కిలోమీటర్ల పైనే ఉంటుందనీ. బౌద్ధులూ హిందువులూ కుడివైపుగా తిరుగుతారనీ, బోన్ అనే పాత మతంవాళ్ళు మాత్రం ఎడమవైపుగా తిరుగుతారనీ. అమ్మ అరుగు మీద కూచుని మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకుంది. ఆఖర్న, "శివుడి ఊరి గుంటవి, ఇన్నాళ్ళూ నాకు సెప్పలేదేటే!" అని దగ్గరికి లాక్కుని బుగ్గలు పుణికింది. ఆ నెల నుంచి అద్దె విషయంలో ఎంత ఆలస్యమైనా ఒక్క మాట అనలేదు. మా వీధిలో ఎవరు కనపడినా మా పెరటి వాటాలో కైలాసం పిల్ల ఉంది అని చెప్పేది. తనకి కూడా నేపాలీ పాప కంటే అదే నచ్చింది.

మా పెరట్లో బట్టలారేసే తీగ మీద తను రంగు జెండాలు కట్టుకుంది. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, ఎప్పుడూ అదే వరస: ఆకాశం, గాలి, నిప్పు, నీరు, భూమి. వాటి మీద మంత్రాలు అచ్చు వేసి ఉంటాయి, గాలి వీచినంత మేరా ఆ ప్రార్థన వెళ్తుందని నమ్మకం. వానలకి అవి వెలిసిపోయి పీలికలైతే అమ్మ తీసేసి మసిగుడ్డలు చేయబోయింది. తను పరుగెత్తుకొచ్చి, "వద్దు మౌసీ, వాటంతట అవి వెలిసిపోవాలి, తీస్తే కాల్చేయాలి గానీ కింద పడేయకూడదు" అంది. అప్పట్నుంచి అమ్మే వాటిని కాపాడేది, మా చీరలు వేరే తీగ మీదకి మారాయి.

*

తిండి దగ్గరే మేం బాగా కలిసిపోయాం. వాళ్ళ సాంపా అంటే వేయించిన బార్లీ పిండి. అది చూసిన రోజే నాన్న, ఇది మన ఛతువా, అదే సత్తుపిండి, లాంటిదే కదా అని గిన్నె ముందుకి జరిపారు. వాళ్ళు దాన్ని వెన్న వేసిన ఉప్పు టీతో తడిపి గిన్నెలోనే వేళ్ళతో ముద్ద చేసుకుంటారు. ఆ టీని చిలకడానికి ఊళ్ళో పొడవాటి కర్ర గొట్టం ఉంటుందట, ఇక్కడ మా మజ్జిగ కవ్వమే తీసుకునేది. నాన్నకి టీ అంటే పంచదారే. మొదటి గుక్కకి మొహం మారింది, కానీ గ్లాసు పూర్తిగా తాగి, చలికాలంలో మిల్లుకి వెళ్ళే ముందు ఇదొకటి పడితే బాగుంటుంది అన్నారు. నిజంగానే ఆ చలికాలమంతా తాగారు.

వాళ్ళ కొత్త సంవత్సరాన్ని లోసర్ అంటారు, ఫిబ్రవరిలోనో మార్చిలోనో వస్తుంది. ఆ ఏడాది ప్రాక్టికల్స్ అడ్డొచ్చి చంద్రగిరి వెళ్ళలేకపోయారు. పొద్దున్నుంచీ తను దిగాలుగా ఉంటే అమ్మే, "మీ పండగకి ఏటి సేత్తారో సెప్పు, ఇక్కడే సేద్దాం" అంది. లోసర్‌కి రెండు రోజుల ముందు రాత్రి గుతుక్ అనే పులుసు తాగాలి. తొమ్మిది రకాల సరుకులు పడాలి అందులో. మా ఇంట్లో మాంసం వండరు కాబట్టి ముల్లంగి, బఠాణీ, పాలకూర, ఇంకా అమ్మ డబ్బాల్లో ఏం దొరికితే అవి వేసి తొమ్మిది లెక్క చేశారు. గోధుమపిండిని చిటికెడు చిటికెడు తుంచి అందులో వేసింది. అసలు సంగతి వేరే ఉంది. ఒక్కో మనిషికీ ఒక పెద్ద పిండి ఉండ చేసి, దాని లోపల ఏదో ఒకటి దాచిపెట్టాలి. ఎండుమిరపకాయ ముక్క, ఉప్పుగల్లు, బొగ్గు, ఉన్ని. వంటింటి గచ్చు మీద కూచుని తన స్వెట్టర్ అంచు నుంచి నాలుగు పోగులు లాగి, వేళ్ళ మధ్య నలిపి, ఉండలో పెట్టి మూసిన తీరు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

రాత్రి అందరం చాపల మీద కూచున్నాం. మా తమ్ముడికి మిరపకాయ వచ్చింది, అంటే వాగుడుకాయ అని అర్థం, అందరం చప్పట్లు కొట్టాం. నాకు ఉప్పు, బద్ధకం. అమ్మకి ఉన్ని వచ్చింది, మెత్తటి మనసు. నాన్న ఉండ విరిస్తే బొగ్గు. బొగ్గంటే నల్ల మనసని తను చెప్పలేక టెన్షన్ పడిపోయింది, వాళ్ళ అన్న చెప్పాడు. నాన్న గట్టిగా నవ్వి, మిల్లులో కూలీలు కూడా ఇదే అంటారమ్మా అన్నారు. అందరం తాగగా మిగిలిన పులుసులో పిండితో చేసిన చిన్న మనిషి బొమ్మ పెట్టి, గడ్డి కాగడా వెలిగించి, ఇంట్లో చెడునంతా పొమ్మని అరుస్తూ నాలుగు దారుల కూడలి దాకా తీసుకెళ్ళి వదిలేయాలి. అమ్మకి ఇది విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. దిష్టి తీసి కూడలిలో పడేయడం ఆవిడకి తెలియందా? చేట పట్టుకుని తనే ముందు నడిచింది. తిరిగొచ్చేటప్పుడు వెనక్కి చూడొద్దని మా అందరికీ చెప్పింది. మాకూ అదే పద్ధతి మౌసీ అంది తను.

*

వేసవి సెలవుల్లో నన్ను చంద్రగిరి తీసుకెళ్ళింది. ఆర్. ఉదయగిరి ఘాటీ మీదుగా బస్సు, కిటికీలోంచి మలుపు మలుపుకీ ఇప్పచెట్లు. అక్కడి టిబెటన్ ఊళ్ళని అందరూ కేంపులే అంటారు. 1963లో ప్రభుత్వం వాళ్ళకి అక్కడ భూములిచ్చి స్థిరపరిచింది. ఫుంత్సోక్‌లింగ్ అని వాళ్ళు పెట్టుకున్న పేరు. రేకుల ఇళ్ళు, మొక్కజొన్న చేలు, కట్టేసిన బొచ్చుకుక్కలు, సాయంత్రమైతే చేతిలో ప్రార్థన చక్రం తిప్పుతూ మఠం చుట్టూ తిరిగే ముసలివాళ్ళు.

మోలా మనిషి పొట్టి, రెండు జడలు, చారల ఏప్రన్. నన్ను చూడగానే తెల్లటి కండువా తెచ్చి మెళ్ళో వేసింది. మా ఊరి కొమ్ము దువ్వెన ఇచ్చాను, అక్కడే జడ విప్పి దువ్వుకుని మళ్ళీ వేసుకుంది. ఆవిడకి ఒడియా కొంచెం, తెలుగు లేదు. మనవరాలు మధ్యలో కూచుని అటూ ఇటూ చెప్తుంటే రాత్రి దాకా ఆవిడ కథ విన్నాను. 1959 మార్చిలో దలైలామా సైనికుడి వేషంలో లాసా వదిలి వెళ్ళిపోయారని తెలిశాక వీళ్ళూ బయల్దేరారు. రాత్రుళ్ళు నడక, పగలు దాక్కోవడం. అసోంలో మిస్సమారి అనే చోట వెదురు పాకల్లో పెట్టారు. అక్కడి ఎండకీ నీళ్ళకీ ఆవిడ పెద్దకొడుకు పోయాడు. తర్వాత సిక్కింలో రోడ్డు పని, రాళ్ళు కొట్టడం. తర్వాత ఇక్కడికి. చలిదేశం మనుషుల్ని ఈ ఎండలోకి తెచ్చి పెడితే మొదటి ఏళ్ళలో ఎంతమంది దగ్గుతూ పోయారో వేళ్ళు మడిచి చెప్పింది, చేతులు రెండూ అయిపోయాక ఆపేసింది. మొదట్లో ఎవరూ గట్టి ఇల్లు కట్టుకోలేదట, వచ్చే ఏడాది వెళ్ళిపోతాం కదా అని.

ఆ ఇంట్లో మగవాళ్ళూ ఆడవాళ్ళూ చలికాలమంతా ఊళ్ళో ఉండరు. పంట చేతికొచ్చాక లూధియానా నుంచి స్వెట్టర్లు తెచ్చుకుని విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం ఫుట్‌పాత్‌ల మీద అమ్ముకుంటారు. మనం చిన్నప్పుడు కొనుక్కున్న స్వెట్టర్లలో సగం వాళ్ళ చేతుల మీదుగా వచ్చినవే. బేరాలాడి తీసుకున్నాం, నేపాలీ స్వెట్టర్లన్నాం. ఆ సీజన్‌లో తన అమ్మని చూడాలంటే పిల్లలు విశాఖ రావాల్సిందే.

*

పెళ్ళయి నేను గుంటూరు వచ్చేశాక ఉత్తరాలు పలచబడ్డాయి. 2006 జనవరిలో హఠాత్తుగా ఫోను, అమరావతి వస్తున్నాం, మోలా కూడా వస్తోంది అని. దలైలామా అక్కడ కాలచక్ర అనే బౌద్ధ దీక్ష ఇస్తున్నారు. బుద్ధుడు మొట్టమొదట కాలచక్ర చెప్పింది ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలోనేనని వాళ్ళ నమ్మకం. గుంటూరులో కాపురముంటూ నేను అమరావతి గుడికి వెళ్ళాను గానీ స్తూపం దాకా వెళ్ళనేలేదు. మోలాని చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్తే, ఆవిడ ఆ పచ్చటి మట్టిదిబ్బ చుట్టూ, పగిలిన సున్నపురాతి పలకల పక్కగా, మోకాళ్ళ నొప్పులతోనే తిరిగింది, ఆగమన్నా ఆగలేదు. చెక్కిన పలకలు చాలామటుకు చెన్నైకీ లండన్‌కీ వెళ్ళిపోయాయని బోర్డు చదివి చెప్పాను. పోనీ, నేల ఇక్కడే ఉంది కదా అందట. నాగార్జునుడు మీ మనిషే కదా, ఆయన రాసినవి మా మఠాల్లో ఇప్పటికీ చదువుతారు, మీ పిల్లలకి చెప్తున్నారా అని కూడా అడిగింది. అప్పటికి చెప్పలేదు. తర్వాత చెప్పాను, నాగార్జునకొండకి తీసుకెళ్ళి మరీ చెప్పాను.

హైదరాబాద్ వచ్చాక నాకూ రోజూ అదే ప్రశ్న. ఒరిస్సా అంటున్నారు, తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది అంటారు ఆఫీసులో. మొదట్లో విసుగొచ్చేది. ఇప్పుడు తను చేసినట్టే చేస్తాను, కాగితం తీసుకుని మహేంద్రగిరి గీసి, మహేంద్రతనయ గీసి, ఇక్కడ మా ఇల్లు అని చూపిస్తాను. 2004లో ఆపేసిన చిన్న రైలు దగ్గరికి వచ్చేసరికి వినేవాళ్ళు కుర్చీ దగ్గరికి లాక్కుంటారు.

మోలా లేదు ఇప్పుడు. తను టొరంటోలో ఉంటోంది, చంద్రగిరి కేంపుల నుంచి చాలామంది పిల్లలు అలాగే దేశాలు పట్టుకుపోయారు, మొక్కజొన్న చేలు చూసుకునేవాళ్ళు తగ్గిపోయారు. జీరంగ్ నుంచి ఫొటోలు పంపితే ఆ రాత్రే ఫోన్ చేసింది. వాళ్ళమ్మాయి బడిలో ఎవరి దేశం గురించి వాళ్ళు చెప్పి, ఒక వంటకం పట్టుకెళ్ళాలట. ఆ పిల్ల కెనడాలో పుట్టింది, లాసా చూళ్ళేదు, చంద్రగిరి కూడా ఒక్కసారే చూసింది. మోమోలు అందరూ తెస్తారు, నేను టిబెట్ గురించీ చెప్తాను, అమ్మ పెరిగిన ఊరి గురించీ చెప్తాను, అక్కడి వంట కావాలి అని పట్టుబట్టిందట. అందుకని మా అమ్మ చేసే ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఎలాగో చెప్పమంది. అమ్మకే ఫోన్ ఇచ్చాను. అక్కడ పనసకాయ డబ్బాల్లో దొరుకుతుందట. ఉప్పునీళ్ళు వంపేసి, గట్టిగా పిండి, చేత్తో పొడిపొడిగా నలపమంది అమ్మ. చింతపండు తక్కువ వెయ్యి, ఎండుమిరపకాయలు ఆ పిల్లలు తినగలిగినన్నే వెయ్యి, ఆవముద్ద మాత్రం పొయ్యి మీద ఉండగా కలిపేవు సుమా, చేదొచ్చేస్తాది, దించి చల్లారనిచ్చి అప్పుడు కలుపు అని రెండుసార్లు చెప్పి, తిరిగి అప్పజెప్పించుకుంది.